లుస్త్రలో అపొస్తలులకు అర్థము కాని మాట

వాక్యభాగములు: అపొస్తలుల కార్యములు 14:5–20, నెహెమ్యా 8, 13 అధ్యాయములు

పైన చెప్పిన వాక్యభాగములను ముందుగా బైబిలు తెరచి చదువుకొని, తరువాత ఈ నాలుగు మాటలు చదవవలెనని మనవి.

ఈకొనియలో రాళ్లతో కొట్టడానికి కొందరు సిద్ధపడుతున్నారని తెలిసి పౌలు, బర్నబా లుకయోనియ సీమలోని లుస్త్రకు వచ్చిరి. అక్కడ పుట్టినది మొదలు నడవని ఒక కుంటివాడు కూర్చుండి పౌలు చెప్పునది వినుచుండెను. పౌలు వాని వంక తేరి చూచి లేచి నిలువుమనగా వాడు గంతులు వేసి నడిచెను. ఇంతవరకు మనము ఆదివార బడి పిల్లలకు కూడ చెప్పే కథే. ఆ తరువాత జరిగినదానిని మాత్రము త్వరగా దాటిపోతూ ఉంటాము.

జనులు కేకలు వేసిరి. ఏ భాషలో వేసిరో లూకా ప్రత్యేకముగా వ్రాసినాడు: లుకయోనియ భాషలో. అంతవరకు పౌలు చెప్పినది ఏ భాషలో? గ్రీకులోనే అయి ఉండవలెను. సంతలోను, ప్రయాణములోను అందరికీ పనికివచ్చే భాష అది. లుస్త్రవారికి అది కొంత అర్థమైనది గనుకనే ఆ కుంటివాడు విన్నాడు, విశ్వసించాడు. అయితే గుండె పొంగినప్పుడు వారి నోట వచ్చినది గ్రీకు కాదు, తల్లి ఒడిలో నేర్చిన మాట. అది అపొస్తలులకు తెలియదు. బర్నబాకు ద్యుపతి అని, పౌలుకు హెర్మే అని పేరు పెట్టి, దేవతలే మనుష్యరూపములో దిగివచ్చిరని ఊరంతా కేకలు వేస్తూ ఉంటే వీరిద్దరు ఏమియు ఎరుగక నిలువబడి ఉన్నారు. పూజారి ఎద్దులను, పూలదండలను గుమ్మము దగ్గరకు తెచ్చిన తరువాత గాని సంగతి తెలియలేదు. అప్పుడు వస్త్రములు చించుకొని జనములోనికి పరుగెత్తిరి. ఎంత చెప్పినా ఆ బలిని ఆపడము కష్టమే అయినది.

ఇక్కడ ఒక క్షణము ఆగండి. ప్రసంగించినవాడు పౌలు. అతనికంటె మంచి ప్రసంగీకుడు మనలో ఎవరున్నారు? అద్భుతము జరిగినది. వినువారు శ్రద్ధగా విన్నారు. అయినను చెప్పిన సువార్త ఒకటి, వారి మనస్సులోనికి దిగినది వేరొకటి. మధ్యలో ఒక భాష అడ్డము నిలిచినది. మన సరిహద్దు జిల్లాలో సేవ చేయు ప్రతివారు ఈ అధ్యాయమును నెలకొకసారి చదువుకొనవలెనని నా అభిప్రాయము.

మనది ఎటువంటి జిల్లానో మీకు తెలియనిది కాదు, అయినను పిల్లల కొరకు చెప్పుచున్నాను. 1800లో నిజాము ప్రభువు ఈ సీమను కంపెనీవారికి దత్తత చేసినాడు. అప్పటి నుండి నూట యాభై ఏళ్లకు పైగా ఇది మద్రాసు రాష్ట్రములో ఉన్నది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినవి, బళ్లారితో సహా మిగిలినవి మైసూరుకు వచ్చినవి. బళ్లారి తాలూకా ఎవరికి అనే తగాదా తీర్చడానికి న్యాయమూర్తి మిశ్రా గారితో విచారణ జరిపించవలసి వచ్చినది. ఒక్క గీత గీసినారు. గీతకు అటు అక్కాచెల్లెళ్లు, ఇటు అన్నదమ్ములు. 2014 నవంబరు 1 నుండి సర్కారు కాగితాలలో బెల్లారీ పోయి బళ్లారి అయినది. 2021లో హోస్పేట, కూడ్లిగి మొదలైన తాలూకాలు విడిపోయి విజయనగర జిల్లా అయినవి. గీతలు మారుతూనే ఉన్నవి. ఇంటిలో అమ్మ పిలిచే పిలుపు మాత్రము గీతను బట్టి మారదు.

తుంగభద్ర ఆనకట్ట కట్టి కాలువలకు నీరు వదిలిన తరువాత గుంటూరు, కృష్ణా, నెల్లూరు, ఒంగోలు సీమల నుండి రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు వేసుకొన్నారు. వారి వెంబడి కూలికి, కౌలుకు వచ్చినవారిలో మన పెద్దలు ఉన్నారు. తట్టలో బట్టలు, బట్టల మధ్య ఒక తెలుగు బైబిలు, ఒక క్రైస్తవ కీర్తనల పుస్తకము. మన సంఘములలో చాలా వాటి పుట్టుక అదే. ఆ బైబిలు మన చేతికి ఎట్లు వచ్చినదో ఆలోచించితిరా?

తెలుగులోనికి లేఖనములను మార్చవలెనని మొదట చెమటోడ్చినవాడు బెంజమిన్ షుల్ట్జ్ అను జర్మను మిషనరీ. 1720ల చివరను, 1730ల మొదటను మద్రాసులో ఉండి ఆయన ఆ పని చేసినాడు. ఆ వ్రాతప్రతి అచ్చుకు నోచుకోలేదు. తరువాత 1805లో లండన్ మిషనరీ సొసైటీవారు జార్జి క్రాన్, అగస్టస్ దే గ్రాంజ్ అను ఇద్దరిని విశాఖపట్టణమునకు పంపిరి. వారికి తోడుగా నిలిచినవాడు ఆనందరాయరు అను తెలుగు బ్రాహ్మణ విశ్వాసి. 1809లో క్రాన్, 1810లో దే గ్రాంజ్ ప్రభువునందు నిద్రించిరి. దే గ్రాంజ్ చేతిలో అప్పటికి మొదటి మూడు సువార్తలు సిద్ధమై ఉన్నవి. అవి 1812లో శ్రీరాంపూరులో అచ్చయినవి. అదే సంవత్సరము మార్చి 11న శ్రీరాంపూరు ముద్రణాలయము తగులబడి, ఎన్నో భాషల అచ్చు అక్షరములు, వ్రాతప్రతులు బూడిద అయినవి. నష్టపోయిన వాటిలో తెలుగు అక్షరములు కూడ ఉన్నవి. మన బాప్తిస్టు సహోదరుడు విలియం కేరీ, ఆయన తోటివారు మరల మొదటి నుండి పోతపోసికొని పని సాగించిరి. 1818 నాటికి క్రొత్త నిబంధన తెలుగులో వచ్చినది. మద్రాసులో అచ్చయినది ఎడ్వర్డ్ ప్రిచెట్ చేసినది, శ్రీరాంపూరుది వేరు. బైబిలు మొత్తము తెలుగులో చేతికి రావడానికి 1850ల మధ్య వరకు పట్టినది. క్రాన్, దే గ్రాంజ్ ఓడ దిగిన నాటి నుండి లెక్క వేస్తే అర్ధ శతాబ్దము.

ఇదంతా సముద్రపు ఒడ్డున. మన బళ్లారికి 1810లో జాన్ హ్యాండ్స్ వచ్చినాడు. కంపెనీవారు మిషనరీలను ఇష్టపడని రోజులవి. హ్యాండ్స్ ఇక్కడ కన్నడము నేర్చుకొని లేఖనములను కన్నడములోనికి మార్చ మొదలుపెట్టినాడు. 1816లో వచ్చిన విలియం రీవ్ ఆయనతో కూడ పనిచేసినాడు. ఈ రీవ్ గారే కన్నడమునకు నిఘంటువులు కూర్చినవాడు. 1831లో పూర్తి కన్నడ బైబిలు ఈ బళ్లారిలోనే అచ్చయినది. ఇరవై ఒక్క సంవత్సరములు! మన రైలు స్టేషను, మన సంత, మన కోటగుట్ట ఉన్న ఈ ఊరిలో కన్నడిగుల చేతికి మొదటిసారి సంపూర్ణ గ్రంథము తయారైనదన్న సంగతి మన యువజనులలో ఎంతమందికి తెలుసు? వార్డ్లా పేరుతో ఉన్న పాఠశాల ముందు నుండి దినమూ పోతుంటాము. ఆ వార్డ్లా గారు బళ్లారిలో పనిచేసి, తరువాత విశాఖపట్టణము పోయి జాన్ హే గారితో కలిసి తెలుగు బైబిలు సవరణలో చేయి వేసినవారే. కడపకు కూడ సేవ బళ్లారి నుండే పోయినది. 1822లో హొవెల్ గారు ఇక్కడి నుండి వెళ్లి అక్కడ తెలుగువారి మధ్య పని ప్రారంభించినాడు. కన్నడము, తెలుగు అని ఆనాటి వారు గోడ కట్టుకొనలేదు. ఎవరి చెవికి ఏ మాట కావలెనో ఆ మాటకు ఒక మనిషిని పంపుకొన్నారు.

ఈ చరిత్రలో తెల్లవారి పేర్లు పుస్తకములకు ఎక్కినవి. ఆనందరాయరు, జాన్ హే గారికి తోడ్పడిన పులిపాక జగన్నాథము గారు వంటి కొందరు తప్ప, ప్రక్కన కూర్చుండి "దొరగారూ, మా ఊళ్లో ఇట్లా అనరు" అని దిద్దిన పండితులలో ఎక్కువమంది పేర్లు మనకు అందలేదు. దొర ఎంత చదివినా ఆ ఒక్క మాట చెప్పవలసినది ఆ భాషలో పుట్టినవాడే. లుస్త్రలో పౌలు ప్రక్కన అటువంటి వాడు ఒక్కడు ఉండి ఉంటే ఎద్దులు గుమ్మము దాకా వచ్చేవి కావు.

మన అమెరికన్ బాప్తిస్టు మిషను సంగతి మీకు బాగుగా తెలుసు గనుక క్లుప్తముగా చెప్పుదును. 1836లో శామ్యూల్ డే వచ్చినది, 1854 జనవరి 1న జూయెట్ గారు, మరి కొందరు ఒంగోలు కొండమీద ప్రార్థించినది, 1866లో క్లౌ దొరగారు ఒంగోలు చేరినది, గొప్ప కరవు తరువాత 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర ఒక్క దినమే 2222 మంది బాప్తిస్మము పొందినది మన పెద్దలు చెప్పగా విన్నాము. జూయెట్ గారు కూడ తెలుగు క్రొత్త నిబంధన మీద శ్రమించినవారే. అయితే ఒకటి గమనించండి. ఆ 2222 మందిలో అత్యధికులు అక్షరము ఎరుగనివారు. గ్రంథము అచ్చయి ఉన్నది, కాని వారు చదువలేరు. వారికి దానిని మోసికొనిపోయినవారు యెర్రగుంట్ల పేరయ్య వంటివారు. ఆయన తోళ్ల వ్యాపారము చేయుచు ఊరూరు తిరిగినవాడు. తన ప్రజల మధ్య, తన ప్రజల మాటలో, తన ప్రజల సామెతలతో చెప్పినాడు. గ్రంథము తెలుగులోనికి రావడము మొదటి అనువాదము. పేరయ్య గారి నోట అది మాదిగ పల్లె తెలుగులోనికి రావడము రెండవది. ఈ రెండవ దానికి ఏ సొసైటీ లెక్క వ్రాసిపెట్టలేదు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వచ్చెదను. కొందరికి నొప్పి కలుగవచ్చు, సహించండి.

మన పిల్లలు కన్నడ మాధ్యమములోనో, ఇంగ్లీషు మాధ్యమములోనో చదువుచున్నారు. ఇంటిలో తెలుగు మాటలాడుదురు, తెలుగు అక్షరములు చాలామందికి రావు. ఆరాధనలో బైబిలు తెరిచి చూపించినప్పుడు పేజీ వంక చూస్తూ ఉందురు, అంతే. ఒక సంఘములో (పేరు అనవసరము) ఒక బాలుడు లేచి కన్నడ బైబిలు నుండి కీర్తన చదువబోగా పెద్ద ఒకాయన కూర్చోమన్నారు. "ఇది తెలుగు సంఘము" అన్నారు. ఆ పెద్దల మనస్సు నాకు తెలుసు. తట్టలో బైబిలు పెట్టుకొని వచ్చిన తల్లి కడుపున పుట్టినవారు ఆయన. భాష పోతే ఇంకేమి మిగులును అని ఆయన భయము. ఆయన నాకు నెహెమ్యా 13వ అధ్యాయము చూపించినారు. అక్కడ యూదుల పిల్లలలో సగముమంది అష్డోదు భాష మాటలాడుచు తమ భాష ఎరుగకపోయిరి. నెహెమ్యా వారితో వాదించెను, కొందరిని కొట్టెను, తలవెంట్రుకలు పెరికివేసెను!

ఆ గ్రంథములోనే 8వ అధ్యాయము కూడ ఉన్నది. నీటి గుమ్మము ఎదుట వీధిలో జనమంతా కూడినప్పుడు ఎజ్రా కొయ్య పీటమీద నిలిచి ఉదయము మొదలుకొని మధ్యాహ్నము వరకు ధర్మశాస్త్రము చదివెను. పురుషులు, స్త్రీలు, గ్రహించగల పిల్లలు అందరూ విన్నారు. లేవీయులు జనుల మధ్య తిరుగుచు దాని భావము తెలియజెప్పిరి. చెరలో పుట్టి పెరిగినవారికి హెబ్రీ సరిగా రాదు గనుక వారి వాడుక మాటలో చెప్పియుందురని అనేక పండితుల అభిప్రాయము. జనులు ఏడ్చిరి, తరువాత సంతోషించి భోజనములు పంచుకొన్నారు. ఎందుకు? విన్నది గ్రహించిరి గనుక. చదివినది పూర్వపు భాష, అందించినది నేటి భాష. ఎజ్రా చదువుట మానలేదు, లేవీయులు వివరించుట మానలేదు. 13వ అధ్యాయములో నెహెమ్యా కోపము అన్యదేవతల వైపు లాగిన వివాహముల మీద. పిల్లల నాలుక మీద అష్డోదు మాట ఆ రోగమునకు గుర్తు మాత్రమే. మన బాలుడు కన్నడములో చదువబోయినది దావీదు కీర్తన. అందులో అష్డోదు ఏమున్నది?

నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడను. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు అక్షరములు దిద్దించితిని గనుక ఈ విషయములో ధైర్యముగా చెప్పగలను. కన్నడము చదువగల పిల్లవానికి తెలుగు అక్షరములు నేర్పుటకు ఒక వేసవి సెలవు చాలును. రెండు లిపులు ఒక్క తల్లి బిడ్డలు. అ, ఆ, గ, జ, ద, బ, మ, ల వంటివి దాదాపు ఒక్కటే. తలకట్టు వేరు, మనది పైకి లేచిన గీత, వారిది అడ్డగీత. క, త, శ, హ వంటి కొన్నింటిని మాత్రము విడిగా నేర్పవలెను. ఒత్తుల దగ్గర పిల్లలు కొంచెము తడబడుదురు, రెండు వారములలో సర్దుకొందురు. పలక మీద ఎడమ వైపున వాని కన్నడ అక్షరము, కుడి వైపున మన అక్షరము వ్రాయించండి. వాడు తెచ్చుకొన్న దానిని తీసివేసి నేర్పబోతే రాదు. దాని ప్రక్కన పెట్టి నేర్పితే వచ్చును.

రెండు గ్రంథములు ప్రక్క ప్రక్కన పెట్టుకొంటే మనకు కూడ లాభమే. కన్నడ బైబిలు అట్ట మీద "సత్యవేదవు" అని ఉండును. మన క్రొత్త నిబంధన వారికి "హొస ఒడంబడికె". కౌలు కాగితము వ్రాసుకొను మన రైతుకు ఒడంబడిక అంటే చెప్పనక్కరలేదు! బాప్తిస్టులమైన మనకు మరొక సంగతి. బాప్తిస్మము అను మాటను మన తెలుగువారు గ్రీకు నుండి ఉన్నదున్నట్టు తీసికొన్నారు. కన్నడములో అది "దీక్షాస్నాన". ఆ మాటను ఎట్లు అనువదించవలెనన్న పేచీతోనే బాప్తిస్టు మిషనరీల బెంగాలీ బైబిలుకు బ్రిటిష్ బైబిలు సొసైటీ సహాయము ఆగిపోయినది, అమెరికాలో బాప్తిస్టులు 1836లో వేరు బైబిలు సొసైటీ పెట్టుకొన్నారు. ఆ ఒక్క మాట కొరకు మన పూర్వులు అంత దూరము పోయిరి. స్నానమని సూటిగా చెప్పే మాట ప్రక్క వీధి గ్రంథములో ఉండగా మనము తెరచి చూడకపోవడము వింతగా లేదా?

లుస్త్ర సంగతి ముగించలేదు. పౌలును రాళ్లతో కొట్టి చనిపోయెననుకొని ఊరి వెలుపల పడవేసినది ఆ లుస్త్రలోనే. 16వ అధ్యాయములో ఆయన మరల అక్కడికి పోయినప్పుడు అక్కడ ఒక యౌవనస్థుడు కనబడెను. తల్లి యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు. వీధిలో లుకయోనియ భాష. మూడు మాటల మధ్య పెరిగిన పిల్లవాడు. అవ్వ లోయి, తల్లి యునీకే చిన్ననాటి నుండి లేఖనములు నేర్పిరి. అతడే తిమోతి. ఇటువంటి పిల్లలు మన ప్రతి క్యాంపులోను ఉన్నారు.

ఇక తండాల సంగతి. సండూరు కొండల దగ్గర, కూడ్లిగి వైపు లంబాణీ తండాలు ఉన్నవి. సండూరు లంబాణీల కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. ఆ అద్దాల రవికెలు, లంగాలు మీరు ఎరుగనివి కావు. ఒకే వంశమువారు గీతకు ఇటు షెడ్యూల్డు కులము, అటు షెడ్యూల్డు తెగ. వారి భాష గోర్ బోలి. దానికి సొంత లిపి లేదు. ఉన్న చోటును బట్టి కన్నడ, తెలుగు, నాగరి అక్షరములలో వ్రాసికొందురు. మిరప కోతలకు మన క్యాంపులకు వచ్చి, మన చేలగట్టున గుడిసెలు వేసికొని, రెండు మూడు నెలలు ఉండిపోదురు. మనము దూరదేశముల మిషను కొరకు కానుక పట్టుదుము, మంచిదే. ఈ దూరదేశము మన కల్లములో కాయలు ఆరబోయుచున్నది.

మా క్యాంపులో ఒక కోతల కాలములో ఒక లంబాణీ అవ్వ ప్రతి ఆదివారము వచ్చి వెనుక గోడకు ఆనుకొని కూర్చుండెడిది. పనికి సరిపడు తెలుగు ఆమెకు వచ్చును. ప్రసంగము వినునంతసేపు తల ఊపుచుండెడిది. చివరి వారములలో ఆమె నా భార్యను అడిగినది: "అమ్మా, మీ దేవుని గొఱ్ఱెపిల్ల పండుగ ఏ దినము? మేమును వంతు ఇవ్వవలెను గదా, ఎంత?" మనము దినమూ పాడు పాటలలో దేవుని గొఱ్ఱెపిల్ల అని వినుచున్నది గదా. ఏటా ఒక దినమున మేము గొఱ్ఱెపిల్లను కోయుదుమని, ఆ దినము చెప్పక దాచుచున్నామని ఆమె అనుకొన్నది. వంతు డబ్బు కొంగున ముడివేసి తెచ్చినది. ప్రియులారా, లుస్త్ర గుమ్మము దగ్గర ఎద్దులు నాకు ఆ దినమున కనబడినవి.

లంబాడీ మాటలో క్రొత్త నిబంధన ఉన్నది. మా చేతికి వచ్చిన ప్రతి తెలుగు అక్షరములలో అచ్చయినది. దానిని అవ్వ మనుమడికి ఇచ్చితిమి. వాడు పదవ తరగతి చదివినవాడు, అయితే కన్నడములో. తెలుగు అక్షరము ఒక్కటి రాదు. మాకు అక్షరములు వచ్చును, మాట రాదు. గ్రంథము మధ్యలో పెట్టుకొని ఇరువురము చూస్తూ కూర్చున్నాము. అప్పుడు మా సంఘములో పీయూసీ చదువుచున్న ఒక అమ్మాయి ముందుకు వచ్చినది. ఆమెకు రెండు లిపులు వచ్చును. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 10వ అధ్యాయము తీసి, అర్థము తెలియకయే అక్షరము వెంట అక్షరము పైకి చదివినది. ఆ పిల్లవాడు వినుచు "అట్లా కాదక్కా, ఆ మాట ఇట్లా పలకవలెను" అని దిద్దుచు, తన నోటు పుస్తకములో కన్నడ అక్షరములతో వ్రాసికొన్నాడు. నాలుగు సాయంత్రములు పట్టినది. తరువాత తానే అవ్వకు చదివి వినిపించినాడు. ఏటేటా అర్పించు బలులు తీర్చలేనిదానిని ప్రభువు ఒక్కమారే తీర్చెనన్న భాగము దగ్గర అవ్వ చేయెత్తి ఆపి తన మాటలో ఏదో అన్నది. మాకు తెలియలేదు. మనుమడు నవ్వి చెప్పినాడు: "అయితే ఇక మేకను తేనక్కరలేదా అని అడుగుచున్నది."

ఆ అవ్వ బాప్తిస్మము పొందలేదు. కోతలు కాగానే తండా వెళ్లిపోయినది. నివేదికలో వ్రాయుటకు ఇందులో సంఖ్య ఏమియు లేదు. ఆ నోటు పుస్తకము మాత్రము తండాలో ఉన్నది.

ఆ నాలుగు సాయంత్రముల పని చేసినది ఎవరో చూడండి. పెద్దలమైన మేము కాదు, బయటి నుండి వచ్చిన సువార్తికుడు కాదు. "ఇది తెలుగు సంఘము" అని కూర్చోబెట్టబడు వయస్సున్న పిల్ల. ఆమె తెలుగు మరచిపోయి ఉంటే గ్రంథము మూసియే ఉండెడిది. కన్నడము నేర్వకుండ ఉంటే ఆ నోటు పుస్తకములోని తప్పులు చూచి దిద్దువారు ఉండెడివారు కారు.

గనుక అసోసియేషన్ పెద్దలకు నా మనవి ఇది. నెలకొక ఆదివారమైనను ఆరాధనలో ఒక వాక్యభాగమును తెలుగులోను కన్నడములోను పిల్లల చేత చదివించండి. తెలుగు మానవద్దు, కీర్తనలు, ప్రసంగము తెలుగులోనే జరుగనివ్వండి, తరువాత పిల్లలకు భావము కన్నడములో చెప్పువారు ఒకరుండవలెను. వేసవిలో ఆదివార బడిలో తెలుగు అక్షరములు నేర్పండి; పలకలకు, బలపములకు ఖర్చు పెద్దగా కాదు, నేర్పుటకు నేను ఏ సంఘమునకైనను వచ్చెదను. తండాలకు పోవునప్పుడు పిలువని గుడిసెలోనికి పోవద్దు, కరపత్రములు పంచి తిరిగి రావద్దు. చేలగట్టున మనతో పనిచేయువారితో స్నేహము ఉండనివ్వండి. వారు అడిగినప్పుడు, వారి పిల్లవానిని, మన పిల్లను ఒక గ్రంథము ఎదుట కూర్చోబెట్టండి. పెద్దలు ప్రక్కన ఉండి టీ పోసి ఇవ్వండి.

ఇందుకు అభ్యంతరము చెప్పువారు కొందరు ఉన్నారని ఎరుగుదును. "మన పిల్లలకే సరిగా రాదు, పరాయివారికి ఎక్కడ" అందురు. పరాయివారికి చదివి వినిపించుట కొరకే మా పిల్ల తెలుగు ఒత్తులు సరిగా నేర్చుకొన్నదని చెప్పగలను. మరికొందరు "ముందు కన్నడ ఆరాధన వచ్చును, తరువాత తెలుగు పోవును" అందురు. కావచ్చును, కాకపోవచ్చును. పిల్లలు పోయిన తరువాత మిగిలే తెలుగు ఆరాధనను కూడ నేను కొన్నిచోట్ల చూచితిని. బల్లలు తుడిచి ఉండును, కూర్చుండువారు ఉండరు.

రాబోవు కూడికకు ప్రతి సంఘము తమలో రెండు లిపులు చదువగల యువతీ యువకుల పేర్లు వ్రాసి తీసికొనిరావలెనని కోరుచున్నాను. ఇద్దరున్నా, ఒక్కరున్నా సరే. లంబాడీ క్రొత్త నిబంధన ప్రతులు ఎన్ని కావలెనో కూడ చెప్పండి, బైబిలు సొసైటీ నుండి తెప్పించెదము. ఈ పని మిరప కోతలు మొదలు కాకముందే జరుగవలెను. కల్లములు ఎత్తిన తరువాత తండావారు ఏ ఊరికి పనికి పోవుదురో ఎవరికీ తెలియదు.